ఆవిరి పడవల స్టీరియో కార్డు: తేదీ కట్టడం, స్కాన్ చేయడం, లోతుతో చూడటం

ఒక అట్ట మీద పక్కపక్కనే రెండు ఫొటోలు, రెండింట్లోనూ అదే స్టీమరు. మొదటిసారి చూసినవాళ్లు ఒకే ఫొటోను రెండుసార్లు అతికించారనుకుంటారు. నిజానికి ఎడమది ఎడమ కన్నుకి, కుడిది కుడి కన్నుకి. మధ్యలో ఉన్న చిన్న తేడాని మెదడు లోతుగా మార్చుకుంటుంది. 1850ల చివరి నుంచి 1900 దాకా అమెరికాలో హడ్సన్, మిసిసిపీ నదుల మీద, లేక్ జార్జ్, లేక్ ఛాంప్లెయిన్ లాంటి సరస్సుల మీద తిరిగిన ప్రయాణికుల ఆవిరి పడవల్ని ఫొటోగ్రాఫర్లు ఇలా తీసి యాత్రికులకి అమ్మారు. ఈ కార్డులు ఇప్పుడు ఆన్‌లైన్ వేలాల్లో దొరుకుతున్నాయి. కొననక్కర్లేదనుకుంటే అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ తమ స్కాన్‌లను ఉచితంగానే ఇస్తున్నాయి.

కార్డు చేతికొచ్చినా, స్కాన్ దింపుకున్నా ఒక మాట ముందే మనసులో పెట్టుకోండి. అట్ట చెప్పేది ప్రింటు వేసిన తేదీ. పడవ చెప్పేది ఫొటో తీసిన తేదీ. ఈ రెండూ ఒకటే కావాలని లేదు. ఒక నెగటివ్‌ను పదేళ్లు, ఇరవై ఏళ్లు వాడుకుంటూ కొత్త అట్టల మీద అమ్మడం, ఒక కంపెనీ నెగటివ్‌లను ఇంకో కంపెనీ కొనేయడం అప్పట్లో మామూలే. తేదీల్లో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్లే వస్తాయి.

దగ్గర పెట్టుకోవలసినవి

మిల్లీమీటర్ల స్కేలు, 10 రెట్లు చూపించే లూప్ (గడియారాలు బాగుచేసేవాళ్ల దగ్గర ఉండేలాంటిది), కెమెరా లెన్సులకి వాడే గాలి బల్బు, మెత్తటి బ్రష్, చిన్న టార్చి. యూవీ టార్చి కూడా ఉంటే మంచిది.

కార్డును అంచులతో పట్టుకోండి. దుమ్ముని గాలితో ఊదండి, పోకపోతే బ్రష్‌తో ఒకే దిశలో తుడవండి. తడి గుడ్డ, రబ్బరు, స్పిరిట్ ఏవీ తగలకూడదు. ఈ ప్రింట్లలో ఎక్కువ భాగం ఆల్బుమెన్‌వి, అంటే బొమ్మ ఉన్నది కోడిగుడ్డు తెల్లసొన పొరలో. నీళ్లు తగిలితే ఆ పొర ఉబ్బుతుంది, ఆరేటప్పుడు సన్నగా చిట్లుతుంది. ఆ చిట్లిన గీతలు మళ్లీ పోవు.

ముందు అది అసలుదో కాదో తేల్చుకోండి. ఆకాశం ఉన్న చోట లూప్ పెట్టి చూడండి. ఆల్బుమెన్ ప్రింటులో కాగితం పోగులు కనిపిస్తాయి, రంగు ఊదా కలిసిన గోధుమ, తెల్లగా ఉండాల్సిన చోట లేత పసుపు. వరసలుగా చుక్కలు కనిపిస్తే అది అచ్చుయంత్రం మీద వేసినది. అలాంటి స్టీరియో కార్డులు 1900కి అటూ ఇటూ చౌకగా అమ్ముడయ్యాయి, ఇప్పటి నకళ్లూ అలాగే ఉంటాయి. చీకటి గదిలో యూవీ టార్చి వేసినప్పుడు కాగితం నీలంగా వెలిగిపోతే అది 20వ శతాబ్దం రెండో సగంలోది, లేదా ఇంకా కొత్తది. ఆ మెరుపుమందు పాత కాగితంలో ఉండదు.

అట్టని చదవడం

స్కేలు పెట్టి కొలవండి. మామూలు కార్డు 3.5 అంగుళాల ఎత్తు, 7 అంగుళాల వెడల్పు, అంటే సుమారు 89 × 178 మిల్లీమీటర్లు. ఎత్తు 4 అంగుళాలు దాటితే 1870ల మొదట్లో వచ్చిన పెద్ద సైజు అట్ట అనుకోవచ్చు. తర్వాత మూలలు చూడండి. చదరపు మూలలుంటే 1868కి ముందుది కావడానికి అవకాశం ఎక్కువ, గుండ్రంగా కోసి ఉంటే ఆ తర్వాతది. తెలుపు, మీగడ రంగు, బూడిద రంగు పలచటి అట్టలు తొలినాళ్లవి. పసుపు, నారింజ 1860ల మధ్య నుంచి 1870లలో విపరీతంగా వాడారు. కార్డును పక్కనుంచి చూస్తే విల్లులా వంగి ఉందా? అలా కావాలనే చేసిన వంపు 1879 నుంచి వచ్చింది. పాడైపోయిందనుకుని దాన్ని చదును చేయబోతే అట్ట, ప్రింటు కలిసి పగులుతాయి.

ఇప్పుడు వెనక్కి తిప్పండి. చిన్న పన్ను స్టాంపు అతికించి ఉంటే మీ అదృష్టం. అంతర్యుద్ధం ఖర్చుల కోసం అమెరికా ప్రభుత్వం ఫొటోల మీద వేసిన పన్ను 1864 సెప్టెంబర్ 1 నుంచి 1866 ఆగస్టు 1 వరకే ఉంది. ఇంత కచ్చితంగా చెప్పే గుర్తు ఈ కార్డుల మీద మరొకటి లేదు. కాపీరైటు వాక్యం ఉంటే కార్డు దానిలోని సంవత్సరం కన్నా ముందుది కాదని తెలుస్తుంది. అందులో జిల్లా కోర్టు క్లర్కు కార్యాలయం ప్రస్తావన ఉంటే 1870కి ముందు నమోదైంది, లైబ్రేరియన్ ఆఫ్ కాంగ్రెస్ అని ఉంటే ఆ తర్వాత. 1870లో చట్టం మారి నమోదు పని ఆ లైబ్రరీకి వెళ్లింది. ప్రచురణకర్త చిరునామా కూడా చదవండి. న్యూయార్క్‌లో ఇ. అండ్ హెచ్. టి. ఆంథొనీ కంపెనీ 1860లలో 501 బ్రాడ్‌వేలో ఉండి, 1870 ప్రాంతంలో 591కి మారింది. వెనక పేర్ల జాబితా అచ్చువేసి, వాటిలో ఒకదాని కింద గీత గీసి ఉంటే ఆ గీత ఉన్నదే మీ కార్డు పేరు. గీత సన్నటి పెన్సిల్‌దైతే టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి.

అట్ట పని ఇంతే. వచ్చిన తేదీని కాగితం మీద విడిగా రాసుకోండి.

పడవని గుర్తుపట్టడం

ఏ నీళ్ల మీద తిరిగిన పడవో ఆకారమే చెప్పేస్తుంది. హడ్సన్, లేక్ జార్జ్, లేక్ ఛాంప్లెయిన్ వైపు పడవకి రెండు పక్కలా చక్రాలు, నడుమ పైకప్పు దాటి పైకి లేచిన ఓ వజ్రాకారపు ఇనుప చట్రం ఉంటాయి. ఆ చట్రమే వాకింగ్ బీమ్. ఏతం దూలంలా ఓ కొస లేస్తే ఇంకో కొస దిగుతూ నిలువు సిలిండరు ఊపుని చక్రం ఇరుసుకి అందిస్తుంది. పడవ పొడవునా విల్లు ఆకారంలో వేసిన కలప చట్రం కూడా చాలా వాటికి కనిపిస్తుంది. పొడవాటి తేలిక చెక్క పడవ రెండు కొసలూ కిందికి వాలిపోకుండా ఆపేది అదే.

మిసిసిపీ పడవకి బీమ్ ఉండదు. దాని ఇంజన్లు ఎక్కువ పీడనంతో నడిచే రకం, సిలిండర్లు డెక్కు మీదే పడుకోబెట్టి ఉంటాయి. ముందు వైపు పక్కపక్కనే రెండు ఎత్తైన పొగగొట్టాలు, వాటి కొసల్లో పువ్వులా కత్తిరించిన రేకు కిరీటాలు, అంతస్తుల మీద అంతస్తులు, అన్నిటికన్నా పైన అద్దాల గది. గోదావరి లాంచీలో సరంగు నిలబడే చోటు ఉంటుంది కదా, ఇదీ అదే. స్విట్జర్లాండ్ సరస్సుల పడవలు ఇంకోలా ఉంటాయి: ఇనుప ఒడలు, నడుమ ఒకే పొగగొట్టం, యంత్రమంతా డెక్కు కిందే.

తర్వాత పేరు వెతకండి. పక్క చక్రాల పడవైతే చక్రాన్ని కప్పే అర్ధచంద్రాకారపు తొడుగు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. మిసిసిపీ పడవల్లో సరంగు గది కింద బోర్డు మీద కూడా రాస్తారు. అక్షరాలు సగమే కనిపిస్తే రెండు బొమ్మల్లోనూ చూడండి. ఒకదానిలో మరకపడ్డ అక్షరం రెండోదానిలో శుభ్రంగా ఉండొచ్చు.

పేరు దొరికాక తొందరపడకండి. ఒకే పేరుతో చాలా పడవలు తిరిగాయి. 1870 జూన్ 30న న్యూ ఆర్లియన్స్ నుంచి సెయింట్ లూయిస్‌కి పందెం కట్టిన రెండు పడవలు రాబర్ట్ ఇ. లీ, నాచెజ్. ఆ నాచెజ్ ఆ పేరున్న ఆరో పడవ. ఆ రాబర్ట్ ఇ. లీ 1866లో కట్టినది. 1876లో దాన్ని విప్పేసి అదే పేరుతో ఇంకోటి కట్టారు, అది 1882లో కాలిపోయింది. కార్డు మీద రాబర్ట్ ఇ. లీ అని అచ్చై ఉంటే ఏ లీ అన్నది మీరే తేల్చాలి. దీనికి తిరగేసిన కథ ఛాంప్లెయిన్ అనే పడవది: ఒకే పడవకి రెండు పేర్లు. 1868లో ఓక్స్ ఏమ్స్ పేరుతో నీళ్లలో దిగింది, 1874లో ఛాంప్లెయిన్ అయింది, 1875 జూలై 16న వెస్ట్‌పోర్ట్ దగ్గర రాళ్లకెక్కి విరిగింది. దాని మీద ఛాంప్లెయిన్ అన్న అక్షరాలు కనిపిస్తే ఫొటో తేదీ ఒకటి రెండేళ్ల లోపుకి వచ్చేస్తుంది. అదే హడ్సన్ రాణి అని పేరుపడ్డ మేరీ పావెల్ అయితే 1861 నుంచి అర్ధశతాబ్దం పైగా నడిచింది. దాని పేరొక్కటీ తేదీకి చాలదు. అలాంటప్పుడు ప్రయాణికుల దుస్తులు, రేవులోని కట్టడాలు, పక్కన నిలబడ్డ ఇతర పడవలు చూడాలి.

పడవ పుట్టుక, చావు తేదీలకి అమెరికా ప్రభుత్వం 1860ల చివరి నుంచి ఏటా వేసిన వాణిజ్య నౌకల జాబితా మొదటి ఆధారం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం లా క్రాస్‌లోని మర్ఫీ లైబ్రరీలో మిసిసిపీ వైపు ఆవిరి పడవల ఫొటోల పెద్ద సేకరణ ఉంది. మీ పడవను దానిలోని బొమ్మలతో కిటికీల వరస లెక్కపెట్టి పోల్చుకోవచ్చు.

పడవ మీది అమెరికా జెండాలోని నక్షత్రాలు లెక్కపెట్టి తేదీ కడదామన్న ఆలోచన అందరికీ వస్తుంది. 1867 నుంచి 1877 వరకు 37, ఆ తర్వాత 1890 వరకు 38. కానీ అప్పటి కొలోడియన్ ప్లేటుకి (ఫొటో మందు పూసిన గాజు పలక) నీలం దాదాపు తెల్లగా, ఎరుపు దాదాపు నల్లగా కనిపిస్తుంది. నీలం మీది తెల్ల నక్షత్రాలు అందులో కలిసిపోతాయి, ఎర్ర చారలు మాత్రం నల్లగా తేలతాయి. జెండా ఊగితే అవీ ఉండవు. ఇదే కారణంతో ఆకాశం చాలావరకు మబ్బుల్లేని తెల్లటి కాగితంలా ఉంటుంది. నల్లగా కనిపించే చక్రం అసలు ఎర్ర రంగుది కావచ్చు. ఈ ఫొటోలు చూసి పడవ రంగు చెప్పే సాహసం చేయకండి.

అట్టనీ పడవనీ కలపడం ఇలా. నారింజ అట్ట, గుండ్రటి మూలలు, చదునుగా ఉంది. వెనక గ్లెన్స్ ఫాల్స్‌కి చెందిన ఫొటోగ్రాఫర్ ఎస్. ఆర్. స్టొడార్డ్ పేరు. ముందు లేక్ జార్జ్ మీద మినీహాహా. ఈ పడవ 1857 నుంచి 1876 దాకా నడిచింది, 1877 నుంచి దాని చోటు హోరికాన్‌ది. అట్ట 1868 తర్వాతది, పడవ 1876 లోపుది. తేదీ ఆ ఎనిమిదేళ్ల మధ్య అన్నమాట. అదే బొమ్మ విల్లు వంపు అట్ట మీద ఉంటే? అట్ట 1879 తర్వాతది, అప్పటికి పడవ సర్వీసులో లేదు. అంటే పాత నెగటివ్‌తో మళ్లీ వేసిన ప్రింటు. కాకపోతే ఆ పడవని తర్వాత ఒడ్డున కట్టేసి హోటలుగా వాడిన రోజుల ఫొటో అయినా కావచ్చు. పొగగొట్టంలోంచి పొగ వస్తోందా అన్నది చూస్తే తేలుతుంది.

రెండు బొమ్మల మధ్య తేడా

ఇది చాలామంది వదిలేసే పని. మామూలు ఫొటోలో లేని సమాచారం అంతా ఇక్కడే ఉంది.

ముందు పొగను పోల్చండి. రెండు బొమ్మల్లోనూ పొగ మెలిక ఒకేలా ఉంటే రెండు లెన్సుల కెమెరాతో ఒకేసారి తీసినట్టు. మెలిక మారితే ఒకే లెన్సుతో ఒకటి తీసి, కెమెరాని పక్కకి జరిపి రెండోది తీశారు. చక్రం కింద నురగ, రేవులో నడిచే మనుషులు, గుర్రం తల కూడా ఇలాగే పట్టిస్తాయి. ఒక బొమ్మలో ఉన్న మనిషి రెండోదానిలో లేకపోతే ఆ చోట చూపు ఆనదు, మనిషి దయ్యంలా మినుకుతాడు.

జరిపి తీసిన వాటిలో కదిలే పడవ ఉంటే వింత జరుగుతుంది. ఎడమ బొమ్మ ముందు తీశారనుకోండి. ఆ లోపు పడవ కుడికి జరిగితే స్టీరియోస్కోప్‌లో (ఈ కార్డుల్ని లోతుతో చూపే రెండు లెన్సుల పరికరం) అది ఉన్నచోటు కన్నా వెనక్కి పోతుంది, ఒక్కోసారి వెనక కొండలోకి దూరిపోయినట్టుంటుంది. ఎడమకి జరిగితే మన ముఖం మీదికి వచ్చేస్తుంది. ఆ లోతు దూరం వల్ల వచ్చింది కాదు, రెండు క్షణాల మధ్య గడిచిన కాలం వల్ల వచ్చింది. దాన్ని నమ్మి పడవ ఒడ్డుకి ఎంత దూరంలో ఉందో చెప్పకూడదు.

పడవ బొమ్మరిల్లు బొమ్మలా, అరచేతిలో పట్టేలా అనిపిస్తే రెండు చూపుల మధ్య దూరం మన కళ్ల ఎడం (సుమారు 63 మిల్లీమీటర్లు) కన్నా బాగా ఎక్కువ పెట్టారన్నమాట. దూరపు దృశ్యానికి లోతు తేవడానికి కావాలనే అలా చేసేవారు.

నడుస్తున్న పడవ పదునుగా, నీటి అలలు కూడా విడివిడిగా ఉన్నాయా? ఆంథొనీ 1859లో అమ్మకానికి పెట్టిన ఇన్‌స్టంటేనియస్ రకం అలాంటివే. పెద్ద ప్లేట్ల కెమెరాలకి అప్పట్లో ఇది సాధ్యం కాలేదు. స్టీరియో ప్లేటు చిన్నది, లెన్సు పొట్టిది, కాబట్టి ఎక్కువ వెలుతురు లోపలికి పడి సెకనులో చిన్న భాగంలోనే పని అయిపోయేది. నీళ్లు పాలు పోసినట్టు నున్నగా ఉంటే మాత్రం సెకన్ల పాటు తెరిచి ఉంచారని అర్థం. అలాంటి ఫొటోలో పడవ పదునుగా ఉందంటే అది రేవులో కట్టేసి ఉంది.

చివరగా, బొమ్మలు తారుమారయ్యాయేమో చూడండి. రెండు లెన్సుల నెగటివ్‌ను ప్రింటు వేశాక రెండు సగాల్నీ కోసి అటుది ఇటు మార్చి అతికించాలి. ఆ పని మరిచిపోయిన కార్డులున్నాయి. వాటిలో వెనక కొండ ముందుకొస్తుంది, పడవ కొండలో చెక్కిన గుంటలా ఉంటుంది. కళ్లతో తేల్చలేకపోతే స్కేలు పెట్టండి. దగ్గరి వస్తువు, దూరపు వస్తువు ఒక్కోటి ఎంచుకోండి, రేవు గుంజ, వెనక చెట్టు అనుకుందాం. ఎడమ బొమ్మలో గుంజ చెట్టుకి ఎక్కువ కుడిగా ఉండాలి. కుడి బొమ్మలో అలా ఉంటే తారుమారైనట్టే. కార్డును ముట్టుకోకుండా స్కాన్‌లో మార్చుకుంటే సరిపోతుంది.

స్కాన్

ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో సీసీడీ రకం వాడండి. పలచటి చవక స్కానర్లు చాలావరకు సీఐఎస్ రకం. వాటికి అద్దానికి ఆనుకున్నదే పదునుగా వస్తుంది, వంపు కార్డులో అద్దం మీద ఆనని భాగమంతా మసకబారుతుంది. మూత వేసి నొక్కకండి. తెరిచే ఉంచి, పైన నల్ల గుడ్డ కప్పండి. సీసీడీ దొరక్కపోతే కెమెరాను స్టాండుకి నిటారుగా కిందికి బిగించి, రెండు వైపుల నుంచి 45 డిగ్రీల కోణంలో లైట్లు వేసి తీయండి. ఆల్బుమెన్ నిగనిగలాడుతుంది కాబట్టి లైటు నేరుగా పైనుంచి వేస్తే తెల్లటి మెరుపు పడుతుంది.

1200 డీపీఐ పెట్టండి, కార్డు మొత్తం సుమారు 8400 × 4200 పిక్సెళ్లు వస్తుంది. 600 డీపీఐ చూడటానికి చాలు, చక్రం తొడుగు మీది అక్షరాలు చదవడానికి చాలదు. నలుపు తెలుపు ఫొటోయే కదా అని గ్రేస్కేల్ పెట్టకండి. కలర్‌లోనే చేయండి, పసుపు మరకని తర్వాత వేరు చేయడానికి ఆ రంగే పనికొస్తుంది. స్కానర్‌లోని ఆటో షార్పెన్, దుమ్ము తీసే ఆప్షన్లు ఆపేసి టిఫ్ ఫైలుగా దాచండి. వెనక వైపు కూడా తప్పకుండా స్కాన్ చేయండి.

ఫొటోని మెరుగుపరిచే ఏఐ యాప్‌ల జోలికి వెళ్లొద్దని గట్టిగా చెబుతున్నాం. అవి ఎడమ సగంలో ఒక రకం రెయిలింగ్, కుడి సగంలో ఇంకో రకం రెయిలింగ్ కల్పిస్తాయి. లోతూ చెడుతుంది, ఆధారమూ పోతుంది. చేత్తో మచ్చ తీసినా ఇదే గొడవ: ఒక సగంలోనే తీస్తే ఆ చోట గాల్లో చిన్న మబ్బు తేలినట్టుంటుంది. వెలుగు నీడల లెవెల్స్‌ని రెండు సగాలకీ కలిపి సరిచేసి అక్కడితో ఆపండి.

చూడటం

కార్డు చేతిలో ఉంటే హోమ్స్ రకం స్టీరియోస్కోప్ కొనుక్కోండి. చేతిపిడి, ముందు రెండు లెన్సులు, జరిగే కార్డు పట్టీ ఉండేది. కొత్తగా చేసినవీ దొరుకుతాయి. పట్టీని దూరం నుంచి మెల్లగా దగ్గరికి జరుపుతూ బొమ్మ పదునైన చోట ఆపండి. రెండు బొమ్మలు ఒకటై నిలబడటానికి కొన్ని సెకన్లు పడుతుంది, కళ్లు బిగపట్టకండి.

పరికరం లేకుండా అసలు సైజు కార్డును చూడటం చాలామందికి కుదరదు. రెండు బొమ్మల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు దాటుతుంది, మన కళ్లు బయటికి తిరగవు. ఫోనులో అయితే మార్గం ఉంది. ఫోను అడ్డంగా పెట్టి కార్డు వెడల్పు 14 సెంటీమీటర్లకి తగ్గించండి. మధ్య దూరం 60 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తుంది. ఫోను అవతల ఉన్న గోడని చూస్తున్నట్టు చూపు వదిలేసి, ఫోనుని మెల్లగా కళ్ల ముందుకి తేండి. మూడు బొమ్మలు కనిపిస్తాయి, నడిమిది లోతుగా ఉంటుంది.

ఎరుపు, నీలం కళ్లద్దాల కోసం బొమ్మ చేయాలంటే స్టీరియోఫొటో మేకర్ అనే ఉచిత ప్రోగ్రాం అమరిక తనంతట తానే చేస్తుంది. గింప్ అనే ఫొటోలు సవరించే ప్రోగ్రాంలో చేత్తో చేయాలంటే: రెండు సగాల్నీ ఒకే కొలతకి కత్తిరించి గ్రేస్కేల్ చేయండి. పొగగొట్టం కొస, జెండా కర్ర కొస రెండు బొమ్మల్లోనూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడండి. ఒకటి సరిపోయి ఇంకోటి సరిపోకపోతే బొమ్మ ఒరిగింది, తిప్పి సరిచేయండి. పాత కార్డుల్లో బొమ్మలు ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకీ కిందికీ అతికి ఉండటం మామూలే, కళ్లు లాగేది ఆ తేడాకే. తర్వాత అన్నిటికన్నా దగ్గరి వస్తువు రెండింటిలో ఒకే చోట పడేలా పక్కకి జరపండి. కలర్స్ మెనూలో కాంపోనెంట్స్, అందులో కంపోజ్ తెరిచి ఎరుపుకి ఎడమ బొమ్మ, ఆకుపచ్చకీ నీలానికీ కుడి బొమ్మ ఇవ్వండి.

మెల్ల కన్ను ఉన్నవాళ్లకి, ఒక కన్నుతోనే చూసేవాళ్లకి ఈ పద్ధతులేవీ పనిచేయవు. వాళ్ల కోసం రెండు సగాల్నీ సెకనులో పదో వంతు చొప్పున మార్చి మార్చి చూపే జిఫ్ చేయండి. పొగగొట్టం ముందుకీ కొండ వెనక్కీ విడిపోతూ ఊగుతాయి.

దాచడం

పీవీసీ కవర్లు వద్దు, కాలంతో జిగురెక్కి ప్రింటుకి అంటుకుంటాయి. పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవరు వాడి, పెట్టెలో నిలువుగా నిలబెట్టండి. వంపు కార్డుల్ని చదును కార్డుల మధ్య ఇరికించకండి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఉంటే పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో నెలకోసారి మార్చండి. తెల్లసొనా, అతికించిన పిండి జిగురూ పురుగులకి తిండే. నాఫ్తలిన్ గోళీలు మాత్రం పెట్టెలో వేయకండి, ఆ ఆవిరి కవర్లని పాడుచేస్తుంది. మీరు కట్టిన రెండు తేదీల్నీ, అట్టది వేరుగా, పడవది వేరుగా, మెత్తటి పెన్సిల్‌తో ఒక కాగితం ముక్క మీద రాసి కవరులో కార్డు వెనక పెట్టండి. కార్డు మీద మాత్రం ఏమీ రాయకండి.